పక్కు రాలే దాకా

మా పెద్దమ్మ పోయింది. ఆ మాట నాకు మా అమ్మాయి ఫోనులో చెప్పింది.

తెనాలిలో నా కుట్టుమిషను ముందు కూర్చుని జాకెట్టుకి చేతులు అతుకుతున్నాను. ఫోను మోగింది. మా అమ్మాయి తనంతట తాను నాకు ఫోను చెయ్యదు. తెర మీద దాని పేరు చూడగానే నా కాలు మిషను మీద ఆగిపోయింది.

"నాన్నా, నాయనమ్మ లేదు," అంది. "కాఫీ కలిపి లేపుదామని వెళ్లాను. చేతులకి నూనె రాసుకుని పడుకున్నట్టుంది. ఇంకా జిడ్డుగానే ఉన్నాయి."

ఫోను పెట్టేసింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. మా అమ్మాయికి నాయనమ్మ వరస. ఆమెకి పిల్లల్లేరు. భర్త పోయాక బాపట్లలో ఇల్లు ఖాళీ చేసి, రేపల్లెలో రెండు గదుల ఇంట్లో ఉండేది. మా అమ్మాయి రేపల్లెలో ఒక ప్రైవేటు బడిలో టీచరు. ఆరేళ్లుగా ఆమె దగ్గరే ఉంటోంది. తెనాలి నుంచి రైలెక్కితే ఎంతసేపు? రోజూ వెళ్లి రావచ్చు. అయినా మా ఇంట్లో ఉండలేదు. ఎందుకు ఉండలేదో చెప్పకుండా మా పెద్దమ్మని గురించి రాస్తే అది అబద్ధ సాక్ష్యం అవుతుంది. అబద్ధ సాక్ష్యం పలకవద్దని రాతి పలక మీద రాసి మరీ ఇచ్చాడు దేవుడు.

నన్ను ఎరిగినవాళ్లు ఈ కాగితంలోనూ నా గొంతు వినిపిస్తుందనుకుంటారు. నేను ఏడో తరగతితో బడి మానినవాణ్ణి. మిషను తొక్కుతూ, ఒళ్లో పరిశుద్ధ గ్రంథం పెట్టుకుని లేఖనం నేర్చుకున్నాను. నాకు జీతం లేదు, పట్టా లేదు. పిలిచిన ఊరికల్లా వెళ్లి, పందిరి గుంజలు అదిరేటట్టు వాక్యం చెప్పి వచ్చేవాణ్ణి. ఇవాళ గొంతు ఎత్తే ఓపిక లేదు. మెల్లగా చెబుతాను, వినండి.

ముందు ఆమె చేతుల గురించి చెప్పాలి.

వయసులో ఉన్నప్పుడు పెద్దమ్మ బాపట్ల నుంచి పాసింజరు ఎక్కి వేటపాలెం వెళ్లి, జీడిపప్పు షెడ్డులో పిక్కలు కొట్టేది. పిక్క పెంకు పగిలితే నల్లటి జీడి రసం చిమ్ముతుంది. అది పడ్డచోట చర్మం కాలి, పొక్కి, నల్లగా తోలు కట్టి ఊడుతుంది. అందుకని ఆడవాళ్లు చేతులకి ఆముదం పట్టించి, బూడిద అద్దుకుని పనిలోకి దిగేవాళ్లు. ఎంత పట్టించినా వేళ్ల సందుల్లో నలుపు ఉండిపోయేది. మా పెద్దమ్మ వేళ్ల చివర్లు చనిపోయే దాకా నల్లగానే ఉన్నాయి. కుడి అరచేతిలో మాత్రం తెల్లగా, నున్నగా, గీతల్లేని ఒక మచ్చ ఉండేది. చిన్నప్పుడు నేను దాన్ని వేలితో తడుముతుంటే నవ్వేది.

"అది నా పెళ్లి మచ్చరా," అనేది. "పెళ్లికొడుకు చెయ్యి పట్టుకుంటాడు గదా, నల్ల తోలుంటే ఏం బాగుంటదని ముందురోజు కూర్చుని మొత్తం లాగేశా. పెళ్లి పీట మీద నెత్తురు. మీ పెదనాన్న ఏమన్నాడో తెలుసా? 'ఇదేంటి, గోరింటాకు ఇంకా ఆరలేదా?' అన్నాడు."

అలా నవ్వుతూ చెప్పిన సంగతే ఆమె బతుకంతా చదువుకున్న పాఠం. అప్పటినుంచి ఎవరికి దెబ్బ తగిలినా, పొక్కు చిట్లినా, మొహం మీద మొటిమ లేచినా ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. ఆమె దగ్గర మందుల పెట్టె ఏం లేదు. కాచి చల్లార్చిన నీళ్లు, ఉతికి ఎండబెట్టిన పాత నూలు చీర ముక్కలు, ఒక చిన్న సీసాలో కొబ్బరినూనె, గోళ్లు తీసే కత్తెర. దెబ్బ తగిలిన పిల్లకి ముందు గోళ్లు తీసేది, తర్వాతే పుండు చూసేది.

"పుండు ఏం చేసిందే నిన్ను? నీ గోళ్లే నీకు శత్రువులు," అనేది.

దురద పుడుతోందని ఏడిస్తే తన నల్లటి వేళ్లు మూసి, అరచేత్తో పుండు పక్కన మెత్తగా తట్టేది. "గోకొద్దు, తట్టు. దురదేస్తందంటే లోపల పని జరుగుతా ఉందని. పనివాణ్ణి పని చేసుకోనియ్యి." ఈ మాట నేను కొన్ని వందల సార్లు విని ఉంటాను. విన్నాననుకున్నాను.

నిమ్మకాయ రుద్దినవాళ్లని, పళ్లపొడి పూసినవాళ్లని, ఫోనులో వీడియో చూసి వంటసోడా పట్టించినవాళ్లని ఆమె తిట్టే తిట్లు ఇక్కడ రాయకూడదు. పెళ్లి చూపులకి రెండు రోజులుందని మొటిమ నొక్కుకుని వచ్చిన ఒక పిల్లని, "వంకాయలో పురుగు తీసినట్టు తీశావు గదే! ఇప్పుడు మొటిమ పోయి గుంట వచ్చిద్ది, చూసుకో" అని వాయించేసి, మళ్లీ తనే చన్నీళ్ల గుడ్డ పెట్టి పంపించింది. మానిన మచ్చ మీద ఎండ పడనిచ్చేది కాదు. "కొత్త తోలు ఎండ చూస్తే నల్లబడిద్ది. ఆర్నెల్లు దాచుకోవాలి." మానాక రోజూ రెండు చుక్కల నూనెతో మెత్తగా వేలు తిప్పమనేది. ఎన్నాళ్లు అంటే, "నీకు విసుగొచ్చాక ఇంకో రెండు నెలలు" అనేది.

అన్నీ తనే చూస్తాననే గర్వం ఆమెకి లేదు. చీము పట్టినా, వాసన వచ్చినా, పుండు చుట్టూ ఎర్రగా పాకినా, జ్వరం తగిలినా, సుగరున్న మనిషి కాలైనా ఆమె ముట్టుకునేది కాదు. చెప్పులేసుకుని, "పద, పెద్దాసుపత్రికి" అనేది.

ప్రార్థన చేస్తే చాలదా పెద్దమ్మా అని ఒకసారి వాదించాను. అప్పుడు నాకు ముప్పై దాటాయి, నోటికి కళ్లెం లేని రోజులు. ఆమె చదువుకోలేదు. గుడిలో విన్నది మాత్రం ఒక్క ముక్క వదిలేది కాదు.

"పుండు లేచి చావబోయే రాజు గోడవైపు తిరిగి ఏడిస్తే దేవుడు ఇంకా పదిహేనేళ్లు ఆయుష్షు ఇచ్చాడు గదరా. ఇచ్చినాయన, ఆ పుండు మీద అంజూరపు పళ్ల ముద్ద పెట్టమని ఎందుకు చెప్పించాడు? ముద్ద లేకుండా మాన్పలేకనా?"

నాకు జవాబు తోచలేదు. తోచనప్పుడు ఏం చేసేవాణ్ణో చెప్పనా? గట్టిగా స్తోత్రం చెప్పేవాణ్ణి.

ఇక ఆ రోజు.

మా అమ్మాయికి పదకొండేళ్లు. నా స్కూటరు వెనక కూర్చుని వస్తుంటే కంకర రోడ్డు మీద జారిపడ్డాం. నాకేం కాలేదు. దాని ఎడమ చెంప చెక్కుకుపోయింది. ఇంజక్షను చేయించి, పెద్దమ్మని పిలిపించాం. ఆమె మా ఇంట్లోనే మకాం పెట్టి, పూటపూటా కడిగి, పల్చగా నూనె రాసి చూసుకుంది. తొమ్మిదో రోజుకి గోధుమరంగు పక్కు గట్టిగా కట్టింది. ఒక అంచు మాత్రం కొద్దిగా లేచింది.

"ఇంకో వారం," అంది పెద్దమ్మ. "మచ్చ కూడా ఉండదు. పక్కు దానంతటది రాలాలి. ఎవరూ చెయ్యి పెట్టొద్దు." మా అమ్మాయి బుద్ధిగా తలూపింది. ఆ తొమ్మిది రోజుల్లో ఒక్కసారి కూడా చెంప ముట్టుకోలేదా పిల్ల. రాత్రుళ్లు చేతులకి సాక్సులు తొడిగించుకుని పడుకునేది.

ఆ వారమే భట్టిప్రోలులో మూడు రోజుల కూడికలు. ఆఖరి రోజు వాక్యం నాది. ఇంటిల్లిపాదీ వెళ్లాం. మా వైపు కూడికల్లో ఒక ఆచారం ఉంది. వచ్చినవాళ్లు ఇంటి నుంచి నూనె సీసాలు తెచ్చి ముందు బల్ల మీద పెడతారు. ప్రార్థన అయ్యాక తీసుకెళ్లి జబ్బుచేసినవాళ్లకి రాసుకుంటారు. ఆ రోజు బల్ల నిండా సీసాలే. కుష్టు పట్టిన సేనాపతి నదిలో ఏడు మునకలు వేస్తే అతని చర్మం పసిపిల్లవాడి చర్మంలా మారిన సంగతి చెబుతున్నాను. జనం ఊగిపోతున్నారు. నాలో నిప్పు పుట్టింది. అది పైనుంచి వచ్చిందనే అనుకున్నాను. జనం కేకల్లోంచి పుట్టిందని ఇప్పుడు తెలుసు.

మా అమ్మాయిని పిలిచాను. తెల్ల గౌను వేసుకుని వచ్చి నా పక్కన నిలబడింది. బల్ల మీద ఒక సీసా తీసి, దాని చెంప మీద నూనె పోశాను. "ఇప్పుడే, ఈ క్షణమే, కొత్త చర్మం చూస్తారు!" అని మైకులో అరిచి, లేచిన అంచు పట్టుకుని పక్కు లాగేశాను.

కింద ఎర్రగా, తడిగా ఉంది.

"చూడండి, పసిపిల్ల చర్మం!" అన్నాను.

పందిరంతా స్తోత్రాలు. మా అమ్మాయి నా వైపు చూసింది. నాన్న చేశాడు కాబట్టి ఇది నొప్పి కాదేమో అన్నట్టు చూసింది. తర్వాత గౌను మీద పడ్డ నెత్తురు బొట్టు చూసుకుంది. అప్పుడు ఏడుపు మొదలుపెట్టింది.

వెనక వరసలోంచి పెద్దమ్మ లేచి వచ్చింది. కొంగుతో నూనె అద్ది, పిల్లని ఎత్తుకుని పందిరి దాటిపోయింది. పదకొండేళ్ల పిల్లని, ఆ ముసలి వయసులో, ఎత్తుకుని.

ఇంటికొచ్చాక, పిల్ల పడుకున్నాక అడిగింది. "ఆ సేనాపతి ఎన్ని మునకలేశాడ్రా?"

"ఏడు."

"నువ్వు ఒక్క మునక్కే లాగేశావు."

నేను తల దించుకున్నాను.

"పక్కు కింద ఆయన పని చేసుకుంటా ఉన్నాడు. ఆయన పేరు చెప్పి, ఆయన చేతిలోంచే పని లాక్కున్నావు. సరే, అయింది. మళ్లీ వాళ్లందర్నీ పిలిచి, అదే మైకులో పొరపాటు చేశానని చెప్పు. పిల్ల వినాలి."

"అట్టా చెబితే వాక్యం మీద నమ్మకం పోయిద్ది పెద్దమ్మా."

"వాక్యం మీద పోదు. నీ మీద పోయిద్ది. పోనియ్యి."

నేను చెప్పలేదు.

తర్వాత వారంలోనే భట్టిప్రోలు నుంచి కబురు వచ్చింది. ఆ రోజు పందిట్లో కూర్చున్న ఒక కూలి మనిషి, నాట్లలో కాలికి గుచ్చుకున్న దెబ్బ మీది పక్కుని నేను చేసినట్టే నూనె పోసి, స్తోత్రం చెప్పి లాగేసుకుందట. మళ్లీ బురదలో దిగింది. కాలు వాచి పొంగింది. పెద్దమ్మ వెళ్లి ఆమెని ఆసుపత్రిలో చేర్పించి, తగ్గిందాకా రోజు విడిచి రోజు వెళ్లి వచ్చింది. కాలు నిలిచింది గానీ నడక వంకర పోయింది. నేను చూడ్డానికి వెళ్లలేదు. వెళితే ఏమని ప్రార్థన చేసేది?

మా అమ్మాయి చెంప రెండోసారి మానడానికి నెల పట్టింది. పెద్దమ్మ దాన్ని బాపట్ల తీసుకుపోయి దగ్గర పెట్టుకుంది. ఎండలోకి వస్తే కొంగు తీసి దాని చెంపకి గొడుగులా పట్టేది. నీడ ఉన్నవైపు నడిపించేది. రైల్లో ఎండ పడని కిటికీ చూసి కూర్చోబెట్టేది. ఆరు నెలలన్నది ఏడాదిన్నర చేసింది. మచ్చ చాలావరకు పల్చబడింది. పోలేదు. రూపాయి బిళ్లంత, మెరుస్తూ, అచ్చం పెద్దమ్మ అరచేతిలో మచ్చలాగే ఉంటుంది.

అప్పటినుంచి మా అమ్మాయి నా ఎడమవైపే కూర్చునేది. అన్నం దగ్గర, గుడిలో, ఆటోలో. ఎడమ చెంప నాకు కనపడకుండా. నేను వాక్యం చెప్పే చోటికి ఒక్కసారి కూడా రాలేదు. పోట్లాడలేదు. "తిన్నావా?" అంటే "తిన్నాను" అనేది. పదిహేనేళ్లు అంతే. మధ్యలో ఉద్యోగం రాగానే రేపల్లె వెళ్లిపోయింది.

పెద్దమ్మ నన్ను వదల్లేదు. ఏడాదికోసారి, ఆ కూడికలు జరిగే నెలలో, ఏదో మాటల్లో అడిగేది. "చెప్పావా?" చెప్పలేదనేవాణ్ణి. "సరేలే," అనేది. కోపం ఉండేది కాదు. పక్కు ఎంతవరకు వచ్చిందో చూసినట్టు నా మొహం చూసేది. పోయిన ఏడాది కూడా అడిగింది. మంచం మీద కూర్చుని, చేతులకి నూనె రాసుకుంటూ అడిగింది. "నాకు వినాలని ఉందిరా అబ్బాయ్. చెవులు పనిచేసేటప్పుడే చెప్పు."

చెప్పలేదు. నిబంధన గ్రంథంలో నేను ఎప్పుడూ గబగబా తిప్పేసే అధ్యాయాలు కొన్ని ఉన్నాయి. యాజకుడు మనిషి ఒంటి మీద మచ్చని చూడాలట. చూసి, ఏడు రోజులు ఆగాలట. మళ్లీ చూసి, ఇంకో ఏడు రోజులు ఆగాలట. పొడి లెక్కలు, వీటితో పందిరి ఊగదని వదిలేసేవాణ్ణి. ఆమె పోయిన రోజు రేపల్లె పాసింజరులో కూర్చుని ఆ పేజీ తెరిచాను. ఏడు రోజులు, ఇంకో ఏడు రోజులు. పెద్దమ్మ ఆ పేజీ చదవలేదు. చదవకుండానే దాని ప్రకారం నడిచింది.

నేను వెళ్లేసరికి ఆమెని పెట్టెలో పెట్టారు. మా అమ్మాయి పక్కన కూర్చుని, చిన్న సీసాలోంచి చుక్కచుక్కగా నూనె తీసి పెద్దమ్మ వేళ్లకి రాస్తోంది. ఒక్కొక్క వేలు, గోరు చుట్టూ, వేళ్ల సందుల్లో. ఎవరో ఆడమనిషి, "ఇప్పుడెందుకమ్మా నూనె?" అంది. "పొడిబారితే పగిలిపోతాయండి, నాయనమ్మకి మంట," అంది మా అమ్మాయి. మంట ఇక ఉండదని అక్కడున్నవాళ్లకి తెలుసు. దానికీ తెలుసు.

భట్టిప్రోలు నుంచి ఆటోల్లో జనం వచ్చారు. ఎవరి పుండో, ఎవరి పిల్ల మొటిమో ఆమె చేతిలో మానినవాళ్లే అందరూ. వాళ్లలో ఆ కూలి మనిషి కూడా ఉంది. ఒక పక్కకి ఒరుగుతూ నడిచి వచ్చి, పెట్టె అంచు పట్టుకుని, "నా కాలు నిలిపావమ్మా, నా కాలు," అని ఏడ్చింది.

సమాధుల తోటలో పాస్టరుగారు నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. మైకు చేతికిచ్చారు. ఏం చెప్పాలో రైల్లో అనుకున్నాను. లేచిన ప్రభువు తన చేతుల గాయాలు దాచుకోలేదు, నమ్మని శిష్యుడికి చూపించాడు అని మొదలుపెట్టి, పెద్దమ్మ చేతుల మీదికి తెద్దామనుకున్నాను. మంచి ప్రసంగం. గుంజలు అదిరేవి.

ఆ కూలి మనిషి నాకెదురుగా ఒంటికాలి మీద బరువు వేసి నిలబడింది. మా అమ్మాయి ఎప్పట్లాగే నా ఎడమవైపు, చెంప అటు తిప్పి. రైల్లో అనుకున్నది పక్కన పెట్టేశాను. మైకు కొంచెం కూ పెట్టింది.

"పదిహేనేళ్ల కిందట," అన్నాను, "మీ ఊళ్లో, మీ అందరి ముందు, నా బిడ్డ చెంప మీద మానుతున్న పుండుని నేను లాగేశాను. దేవుడు చెయ్యమన్నాడని చెప్పాను. ఆయన చెప్పలేదు. మీరు స్తోత్రం అంటుంటే నాకు బాగుంది, అందుకు చేశాను. కింద కొత్త చర్మం లేదు. నెత్తురే ఉంది. నేను అబద్ధం చెప్పాను. అది నమ్మి ఈ తల్లి కాలు పోగొట్టుకోబోయింది. ఈ మాట చెప్పమని మా పెద్దమ్మ పదిహేనేళ్లు అడిగింది. ఆమె వినకుండా పోయాక చెబుతున్నాను."

ఎవరూ స్తోత్రం అనలేదు. ఆ కూలి మనిషి మాత్రం నా మొహం చూసి, "ఎప్పుడో చెప్పాల్సిందయ్యా," అంది. అంతకన్నా ఏమంటుంది?

చదువరులారా, నేను క్షమాపణ మీద ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్కలేదు. దాన్ని అడగడం అంటే ఇంత చిన్న గొంతుతో మాట్లాడటమని నాకు తెలియదు. మీలో ఎవరైనా, ఎవరికైనా ఒక మాట చెప్పాల్సి ఉంటే, వాళ్ల చెవులు పనిచేసేటప్పుడే చెప్పండి. ఇంతే నా వాక్యం.

పెట్టె దించారు. అందరం తలా పిడికెడు మన్ను వేశాం. నాలుగు దాటింది, అయినా ఎండ చురుక్కుమంటోంది. ఆ తోటలో నీడ లేదు. జనం ఒక్కొక్కరే గేటు వైపు కదులుతున్నారు. మా అమ్మాయి కదల్లేదు. గుంట అంచున వంగి, తడి మన్ను మీద అరచెయ్యి పెట్టి మెత్తగా తట్టింది. రెండుసార్లు, మూడుసార్లు. వేళ్లు మూసి, అచ్చం ఆమె తట్టినట్టే.

లేచి, వచ్చి, నా కుడివైపు నిలబడింది.

పడమటి ఎండ నేరుగా దాని చెంప మీద పడుతోంది. ఆ మచ్చని అంత దగ్గరగా నేను పదిహేనేళ్లుగా చూడలేదు. కొంగు పట్టే మనిషి ఇప్పుడు లేదు. నా చేతిలో లేఖనం ఉంది, అంచులు నలిగిన పాత పుస్తకం. దాన్ని ఎత్తి ఎండకి అడ్డం పెట్టాను. పుస్తకం నీడ దాని చెంప మీద చిన్న చతురస్రంగా పడింది.

మా అమ్మాయి చెంప తిప్పుకోలేదు. నా చెయ్యి నొప్పి పుట్టేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాను.